మంచు మీద... మునగకుండా!

అబ్బాయి సియాటిల్‌లోనో టొరంటోలోనో ఉంటాడు. 'ఒక్కసారి వచ్చి వెళ్లండి నాన్నా' అని ఏడాదిగా పోరుతుంటాడు. పెళ్లిళ్లూ కోతలూ అన్నీ చూసుకుని, సంక్రాంతి వెళ్లాక విమానం ఎక్కుతాం. తీరా చేరాక ఏముంది? కిటికీకి అవతల మంచు, ఇవతల మనం. అబ్బాయీ కోడలూ ఆఫీసుకి, మనవడు బడికి. హీటరు పక్కన కూర్చుని అవే సీరియళ్లు అక్కడా చూడటం! శనివారం వస్తే మనవడు 'తాతా, స్కీయింగ్‌కి పోదామా' అంటాడు. పేరున్న రిసార్టుల్లో కొండమీదికి తీసుకెళ్లే లిఫ్ట్ టికెట్టే రోజుకి 200 డాలర్లు దాటుతుంది. స్కీలూ బూట్లూ అద్దెలు, నేర్పేవాళ్ల ఫీజు వేరే. ఇంటిల్లిపాదీ వెళ్తే ఇక్కడ ఓ మోటార్‌సైకిల్ వచ్చేస్తుంది.

అందులో పదోవంతు ఖర్చుతో అదే మంచులో, అదే దేవదారు చెట్ల మధ్య తాతా మనవడూ కలిసి తిరిగే మార్గం ఒకటుంది. దానిపేరు స్నోషూయింగ్. తెలుగులో చెప్పాలంటే, మంచు చెప్పులు వేసుకుని నడవటం!

నడక వస్తే చాలు

వాన వెలిశాక నల్లరేగడి చేలో నడిచినవాళ్లకి దీని సూత్రం చెప్పక్కర్లేదు. అడుగు వేస్తే పిక్కదాకా దిగబడుతుంది. అక్కడే ఓ వెడల్పాటి పలక వేసి నిలబడితే దిగబడం. మనిషి బరువు మారలేదు, ఆ బరువు పరుచుకునే చోటు పెరిగింది. అంతే. మామూలు బూటుకంటే స్నోషూ వైశాల్యం నాలుగైదు రెట్లు ఎక్కువ. అందుకే మోకాలిలోతు మంచులోనూ కొద్దిగా దిగి, ఆగుతుంది. అడుగున ఉండే ఇనుప పళ్లు జారకుండా పట్టుకుంటాయి.

ఇదేం కొత్త సరదా కాదు. 2003లో ఇటలీ ఆల్ప్స్‌లోని ఓ హిమానీనదం మీద, బర్చ్ కొమ్మ వంచి తాళ్లతో అల్లిన స్నోషూ ఒకటి దొరికింది. పరీక్షిస్తే అది క్రీ.పూ. 3800 - 3700 నాటిదని తేలింది. ఉత్తర అమెరికాలోని క్రీ, ఒజిబ్వే వంటి ఆదివాసులు దీన్ని ఓ కళగానే మలిచారు. కర్రను ఆవిరికి వంచి, పచ్చితోలు పట్టీలతో మన నులకమంచంలా అల్లేవారు. దట్టమైన అడవిలో తిరగడానికి ఎలుగుబంటి పాదంలా గుండ్రంగా, బయలు ప్రదేశాలకి పొడవుగా... రకరకాలు. వాళ్లకది వేట, తిండి, బతుకు. ఇప్పుడు అల్యూమినియం, ప్లాస్టిక్ వచ్చి తేలికయ్యాయి. వారాంతపు వినోదమయ్యాయి.

కొనాలా? అద్దెకా?

మొదటిసారికి కొనొద్దు. కొండల దగ్గరి దుకాణాల్లోనూ ఊళ్లోని క్రీడాసామగ్రి షాపుల్లోనూ రోజుకి 20 - 30 డాలర్లకి అద్దెకిస్తారు. అమెరికాలో కొన్ని ఊళ్ల పబ్లిక్ లైబ్రరీల్లో పుస్తకాలతోపాటు స్నోషూలూ అరువిస్తారు. కార్డుంటే పైసా ఖర్చు లేదు. ముందు అక్కడ అడగండి.

రెండుమూడుసార్లు వెళ్లి నచ్చింది అనుకుంటే అప్పుడు కొనొచ్చు. మామూలు రకం జత 100 డాలర్ల దరిదాపుల్లో దొరుకుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో సీజన్ ముగిసేటప్పుడు ధర తగ్గిస్తారు. వాడినవైతే ఇంకా చవక. 300 డాలర్లు పెట్టేవి నిటారు కొండలెక్కేవాళ్లకి. చదునుబాటలో నడిచే మనకెందుకు?

కొలత చూసేది పాదాన్ని బట్టి కాదు, బరువుని బట్టి. అదీ మన ఒంటి బరువు ఒక్కటే కాదు... కోటు, బూట్లు, వీపున సంచీ అన్నీ కలిపి. 25 అంగుళాల జత సాధారణంగా 80, 85 కిలోలవరకూ సరిపోతుంది. అంతకుమించితే 30 అంగుళాలది. పిల్లలకి చిన్నవి వేరేగా ఉంటాయి. చేతికర్రలు కూడా అడిగి తీసుకోండి. అడుగున గుండ్రటి చక్రం ఉన్నవైతే మంచులోకి దిగిపోవు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఈ కర్రలే కొండంత అండ.

సగం సామాను బీరువాలోనే

షాపువాళ్లు అంటగట్టే ప్రత్యేక దుస్తులన్నీ అవసరం లేదు. ఒక్కటే కట్టుబాటు: నూలు వద్దు. మన ఎండలకి నూలుని మించింది లేదుగానీ మంచులో అదే శత్రువు. చెమటని పీల్చుకుని ఆరదు. తడిబట్ట ఒంట్లోని వేడిని లాగేస్తుంది. కాబట్టి కాటన్ బనియన్లూ జీన్స్ ప్యాంట్లూ ఇంట్లోనే వదిలేయండి. ఒంటికి అంటుకుని పాలిస్టర్ లేదా ఉన్ని బనియన్, దానిమీద స్వెట్టరు, పైన గాలీ నీళ్లూ చొరబడని కోటు. అబ్బాయి దగ్గరున్న రెయిన్ కోటు చాలు. చీరకట్టు మాత్రం ఆ ఒక్కపూటకి పక్కన పెట్టాల్సిందే. కోడలి ట్రాక్ ప్యాంటు, దానిమీద వానకి తొడిగే ప్యాంటు వేసుకుంటే అత్తగారికీ దిగుల్లేదు.

బయల్దేరేటప్పుడు కాస్త చలేస్తుండాలి. పది నిమిషాలు నడిస్తే ఒళ్లు వేడెక్కుతుంది. అప్పుడు స్వెట్టరు తీసి సంచిలో పెట్టుకోవాలి. ఆగినప్పుడు మళ్లీ తొడుక్కోవాలి. డబ్బు పెట్టాల్సింది నీళ్లు చొరబడని బూట్లకీ ఉన్ని మేజోళ్లకీ. స్నోషూలు బూట్లమీదే కట్టుకుంటారు కాబట్టి వేరే బూట్లక్కర్లేదు.

నల్ల కళ్లద్దాలు మరవొద్దు. తాజా మంచు సూర్యుడి అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. చలిలోనూ ముఖం కమిలేది అందుకే. తిండికి పల్లీచిక్కీ, నువ్వుండలు, చపాతీ చుట్టలు బాగుంటాయి. ఫ్లాస్కులో వేడి అల్లం టీ. నీళ్ల సీసా బ్యాగులో తలకిందులుగా పెట్టండి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర ఇబ్బంది ఉండదు.

అడుగు ఇలా వేయాలి

కాళ్లు మామూలుకంటే కొంచెం ఎడంగా పెట్టి నడవాలి. లేకపోతే ఒక స్నోషూని రెండోది తొక్కేస్తుంది. ఎక్కేటప్పుడు కాలివేళ్ల వైపు మంచులోకి గట్టిగా దించాలి. దిగేటప్పుడు మోకాళ్లు కాస్త వంచి మడమమీద బరువు వేయాలి. వెనక్కి మాత్రం నడవొద్దు, తోక గుచ్చుకుని వెల్లకిలా పడతారు. తిరగాలంటే బండిలా చుట్టుతిరిగి రావాలి. పడితే పడ్డారు... పక్కకి ఒత్తిగిల్లి, మోకాళ్లమీదికి వచ్చి, కర్రలు ఊతగా లేవడమే.

కొత్త మంచులో ముందు నడిచేవాళ్లకే కష్టమంతా. వెనకవాళ్లకి బాట పడి ఉంటుంది. అందుకని వంతులవారీగా ముందుకెళ్లాలి. తాతగారు వెనక, కుర్రాళ్లు ముందు. మామూలు నేలమీద నడిచే దూరంలో సగం వేసుకోండి. తొలిరోజు గంట, గంటన్నర చాలు. పక్కనే స్కీలవాళ్లు వేసుకున్న గాడి ఉంటే దాన్ని తొక్కడం మర్యాద కాదు.

ఎక్కడికి?

సియాటిల్‌నే తీసుకుందాం. తూర్పుగా 50 మైళ్ల దూరంలో స్నోక్వాల్మీ పాస్. అక్కడ మంచు తీసి ఉంచిన పార్కింగు స్థలాలుంటాయి. వాటికి శీతాకాలంలో 'స్నో-పార్క్' పర్మిట్ కొనాలి. లేకపోతే జరిమానా. పర్మిట్ కారుకి కాబట్టి అయిదుగురూ ఒకే కారులో వెళ్తే కలిసొస్తుంది.

దక్షిణాన మౌంట్ రైనియర్ జాతీయ పార్కు. అందులో 5,400 అడుగుల ఎత్తున ఉన్న ప్యారడైజ్ దగ్గర 1971-72 శీతాకాలంలో 1,122 అంగుళాల మంచు కురిసింది. అంటే 93 అడుగులపైనే! నవంబరు 1 నుంచి మే 1 వరకూ పార్కులోకి వచ్చే ప్రతి కారులో టైర్ల గొలుసులు ఉండాలి. ఆ దారి వాతావరణాన్ని, సిబ్బందిని బట్టి కొన్ని రోజులే తెరుస్తారు. ఇక్కడా, ఒరెగాన్‌లోని క్రేటర్ లేక్ పార్కులోనూ రేంజర్లు దగ్గరుండి స్నోషూ నడకలకి తీసుకెళ్లే ఆనవాయితీ ఉంది. స్నోషూలూ వాళ్లే ఇస్తారు. ఈ ఏడు ఉన్నాయో లేవో పార్కువాళ్లని అడిగి బయల్దేరండి. ఇంకో మాట. 2026 నుంచి యోసెమిటీ, ఎల్లోస్టోన్ వంటి కొన్ని పార్కుల్లో విదేశీ సందర్శకులకి మనిషికి 100 డాలర్లు అదనంగా పెట్టారు. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు అది లెక్కలో వేసుకోవాలి.

మంచుతో పరాచికాలొద్దు

ఖర్చు తగ్గించొచ్చుగానీ జాగ్రత్త తగ్గించకూడదు. మంచుచరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. మనం చదునుగా నడుస్తున్నా పైనున్న వాలునుంచి జారి మీదపడొచ్చు. ఆ ప్రాంతానికి నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ రోజువారీ హెచ్చరికలు ఇస్తుంది. వెళ్లేరోజు పొద్దున అది చూడందే కారు తీయొద్దు. కొత్తవాళ్లకి కొండవాలు కింద కాకుండా బాగా నలిగిన చదునుబాటే క్షేమం. పెద్ద చెట్ల మొదళ్లకి చేరువగా పోవద్దు. కొమ్మలకింద మంచు గుల్లగా ఉండి, మనిషి తలకిందులుగా కూరుకుపోయేంత గుంటలుంటాయి. గడ్డకట్టిన చెరువులమీద నడవొద్దు. డిసెంబరులో సియాటిల్‌లో సాయంత్రం నాలుగుంపావు దాటేసరికి పొద్దుగుంకుతుంది. రెండింటికల్లా వెనక్కి తిరగాలి. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా అయిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. ఎక్కడికెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంకొకరికి చెప్పి వెళ్లండి.

అన్నిటికంటే ముఖ్యమైంది బీమా. అమెరికాలో మణికట్టు విరిగితే, స్కీయింగ్ మానేసి మిగుల్చుకున్నదానికి ఎన్నో రెట్లు ఆస్పత్రికి పోతుంది. సందర్శకుల బీమాల్లో పాత జబ్బులకి, మంచు క్రీడలకి వర్తించనివి చాలా ఉంటాయి. 'స్నోషూయింగ్‌కి వర్తిస్తుందా' అని కంపెనీకి రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. చలికి రక్తనాళాలు కుంచించుకుని బీపీ పెరుగుతుంది. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు ఇక్కడ బయల్దేరే ముందే డాక్టరు మాట తీసుకోవాలి. వద్దంటే కారు దగ్గరే మంచులో నాలుగడుగులు వేసి, ఫ్లాస్కు కాపలా కాయండి. అందులో చిన్నతనమేం లేదు!

ఇవన్నీ చూసుకున్నాక మిగిలేది నడకే. వాహనాల మోత ఉండదు. మన అడుగుల కరకర తప్ప చప్పుడే లేని అడవి. ఆరునెలల వీసాలో ఒక్క శనివారం అలా గడిస్తే, తర్వాతివారం టీవీ ముందు కూర్చున్నా బాధుండదు. అయినా మనవడు కూర్చోనివ్వడు లెండి!