కోచ్ సరే.. టీమ్ ఏదప్పా?

పెప్ గ్వార్డియోలా మన ఇండియా ఫుట్‌బాల్ టీమ్‌కి కోచ్‌గా వస్తానంటే వద్దంటామా? 2025 జులైలో రెండు మూడు రోజులు అందరి ఫోన్లలోనూ ఇదే ముచ్చట. ముందు చావి అప్లై చేశాడన్నారు. ఆ వెంటనే గ్వార్డియోలా పేరు కూడా వినిపించింది. చివరికి ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషనే చెప్పింది.. ఆ ఇద్దరి పేర్లతో వచ్చిన మెయిల్స్ అసలువి కావని! ఇంకేముంది, మీమ్స్ పేజీలకి పండగే పండగ.

జోకులు పక్కన పెడదాం. ఆ ఉద్యోగానికి వచ్చిన అప్లికేషన్లు 170. వడపోత తర్వాత మిగిలింది మూడు పేర్లు. అంతకుముందే రెండుసార్లు మనకి కోచింగ్ ఇచ్చిన ఇంగ్లిష్ కోచ్ స్టీఫెన్ కాన్‌స్టంటైన్, స్లొవేకియా నేషనల్ టీమ్‌కి పనిచేసిన స్టెఫాన్ టార్కోవిచ్, మన ఖాలిద్ జమీల్. ఆగస్టు 1న ఖాలిద్ పేరు ఖాయమైంది. 2012లో సావియో మెడీరా దిగిపోయాక, మళ్లీ ఓ ఇండియన్‌కి ఆ కుర్చీ పూర్తిస్థాయిలో దక్కడానికి పదమూడేళ్లు పట్టింది.

ఆళ్లగడ్డలో ఫుట్‌బాల్ ఫ్యాన్స్ ఏంటి అని నవ్వకండి. అర్ధరాత్రి దుప్పట్లో ఫోన్ పెట్టుకుని ఛాంపియన్స్ లీగ్ చూసేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు, నంద్యాలలోనూ ఉన్నారు. ఉద్యోగాల కోసం బెంగళూరు, హైదరాబాద్ చేరినవాళ్లతో కలిపి మాకో వాట్సాప్ గ్రూపు. ఆ వారమంతా అందులో నిప్పులే.

"ఫారినోడే రావల్లప్పా. మనోడు చెప్తే మనోళ్లు ఇనరు" అని ఒకడు.

"ఇనకపోయేదానికి ఏముంది రా? ఐజ్వాల్‌ని ఛాంపియన్ చేసినోడు ఖాలిద్. ఇన్నేండ్లు ఫారినోళ్లని చూసినాం గదా, ఏం పొడిచినారు?" అని ఇంకొకడు.

"కాన్‌స్టంటైన్ ఉన్నప్పుడు మన ర్యాంకు 96. ఇప్పుడు 133. లెక్క చూసి మాట్లాడండి సామీ" అని మూడోవాడు.

ముగ్గురూ చెప్పింది నిజమే. 2016-17లో ఐ-లీగ్ గెలిచిన ఐజ్వాల్, అంతకు ముందు సీజన్‌లో కిందికి జారిపోయి, తిరిగి చేర్చుకున్న టీమ్. 2017లో ఇండియా 96వ ర్యాంకుకి ఎక్కిందీ నిజమే. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. గెలిస్తే అంతా కోచ్ గొప్ప, ఓడితే అంతా కోచ్ తప్పు అని ముగ్గురూ ముందే ఒప్పేసుకున్నారు. వాదన పేరు దగ్గరే తప్ప లెక్క దగ్గర కాదు. మా ఐటీలో కూడా ఇంతే. ప్రాజెక్ట్ మునుగుతుంటే ముందు మేనేజర్‌ని మారుస్తారు. కొత్తాయన వస్తాడు, కొత్త పీపీటీ వస్తుంది. కోడ్ మాత్రం పాతదే, సర్వర్ పాతదే.

కోచ్ ఒక్కడి వల్ల ఎంత అవుతుంది, ఎంత కాదు అనేది తేల్చడానికి మనకి మంచి టెస్ట్ కేసు ఒకటుంది. ఒకే మనిషి, రెండు ఉద్యోగాలు.. మనోలో మార్క్వెజ్!

2020లో ఈ స్పానిష్ కోచ్ హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చేటప్పటికి ఆ క్లబ్ తన మొదటి సీజన్‌లో ఆఖరి స్థానంలో ఉంది. మొదటి ఏడు అయిదో స్థానానికి తెచ్చాడు. రెండో ఏడు ఏకంగా ఐఎస్ఎల్ ట్రోఫీ. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్లింది. గోలీ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపేశాడు. మూడో ఏడు లీగ్ టేబుల్‌లో రెండో స్థానం. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లు ఆ టీమ్‌లోనే వెలుగులోకి వచ్చారు.

అదే మనోలో 2024లో ఇండియా కోచ్ అయ్యాడు. 8 మ్యాచ్‌లు, గెలిచింది ఒక్కటి. అదీ మాల్దీవ్స్ మీద. ఆ మ్యాచ్ కోసం రిటైరైన సునీల్ ఛెత్రీని 40 ఏళ్ల వయసులో వెనక్కి పిలవాల్సొచ్చింది. 2025 జూన్‌లో హాంకాంగ్ చేతిలో ఓటమి, జులైలో గుడ్‌బై.

మనోలో బుర్ర ఏమైనా మారిపోయిందా? లేదు. చేతికి వచ్చిన సరుకు మారింది. క్లబ్‌లో కుర్రాళ్లు నెలల తరబడి రోజూ కళ్లముందే ఉంటారు. నేషనల్ టీమ్‌లో మ్యాచ్‌కి ముందు దొరికేది కొన్ని రోజులు. పైగా మన క్లబ్‌లు గోల్ కొట్టే చోట ఎక్కువగా విదేశీయుల్నే పెట్టుకుంటాయి. ఏడాదంతా బెంచీ మీద కూర్చున్న స్ట్రైకర్ ఇండియా జెర్సీ వేసుకోగానే గోల్స్ కొట్టెయ్యడు కదా.

ఇంకో సంగతి. మనం పేర్ల మీద కొట్లాడుకుంటున్న ఆ జులైలోనే, ఒప్పందాల పేచీ తెగక ఐఎస్ఎల్ కొత్త సీజన్‌ని నిర్వాహకులు ఆపేశారు. ఆటగాళ్లకి ఆడటానికి లీగే లేదు, మన దగ్గర మాత్రం "టార్కోవిచ్ ఫార్మేషన్ ఏంటి" అని చర్చ! తర్వాత ఖాలిద్ మొదటి టోర్నీలోనే తజికిస్తాన్‌ని ఓడించాడు. ఒమన్‌ని పెనాల్టీల్లో కొట్టి మూడో స్థానం తెచ్చాడు. గ్రూపులో దండలే దండలు. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి 2027 ఆసియా కప్ దారి మూసుకుపోగానే అదే గ్రూపులో "మార్చేయండి" మొదలు. రెండున్నర నెలల్లో దండ పోయి దుమ్మెత్తిపోయడం వచ్చింది.

మరి కోచ్‌కి విలువే లేదా? ఎందుకు లేదు! సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదాయనే. వృత్తి బడిపంతులు. ఆయన చేతిలో ఇండియా 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. జకార్తాలో సౌత్ కొరియాని 2-1తో ఓడించే నాటికే ఆయనకి కేన్సర్. 1963 జూన్‌లో పోయారు. ఆ తర్వాత ఇంతవరకూ ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి స్వర్ణం లేదు. అజయ్ దేవగన్ 'మైదాన్' చూసినవాళ్లకి ఈ కథ తెలుసు.

సినిమాలో హీరో ఒక్కడే అన్నీ చేసినట్టుంటుంది. అసలు బలం వేరే. రహీం ఇండియాకే కాదు, హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కీ కోచ్. ఆ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ కొట్టింది. అంటే ఏడాది పొడవునా ఆయన దిద్దిన కుర్రాళ్లే ఇండియాకీ ఆడేవారు. మెల్‌బోర్న్ వెళ్లిన టీమ్‌లో హైదరాబాదీలు ఒకరిద్దరు కాదు. చేతికి టైమ్ ఉంది, ఆడటానికి పోటీలున్నాయి, వెనక ఊరుంది. అందుకే రహీం రహీం అయ్యాడు.

మా ఆళ్లగడ్డ శిల్పాలకి పేరున్న ఊరు. ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు. విగ్రహానికి ముందు రాయి చూస్తారు, తట్టి శబ్దం వింటారు. రాయిలో పగులుంటే ఎంత గొప్ప శిల్పి ఉలి పెట్టినా చీలిపోతుంది. మనం మాత్రం రాయి సంగతి వదిలేసి శిల్పి ఏ దేశపోడని కొట్టుకుంటున్నాం.

దీనికి మూల్యం ఏంటో హైదరాబాద్ ఫ్యాన్స్‌ని అడగండి. 2023లో మనోలో వెళ్లిపోయాక తర్వాత ఎవరు అని అక్కడా పెద్ద చర్చే. కానీ క్లబ్‌లో జీతాలు ఆగాయి. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లకి ఒకే ఒక్క గెలుపు. ఓనర్లు మారారు. 2025 అక్టోబర్‌లో ఆ క్లబ్ పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. రహీం ఊరికి ఇప్పుడు ఐఎస్ఎల్‌లో టీమ్ లేదు. కోచ్ ఎవరైతే బాగుంటుందని కొట్లాడుకున్న పసుపు జెర్సీలు బీరువాలో ఉన్నాయి. కోచ్ పోతే ఇంకొకడొస్తాడు. క్లబ్ పోతే?

అందుకని వాదనలు మానేయమని కాదు. అవి లేకపోతే ఫ్యాన్ అవ్వడంలో మజా ఏముంది! ఈసారి పేరు ముందు మూడు ప్రశ్నలు పెట్టండి. కోచ్‌కి ఏడాదిలో ఎన్ని రోజులు టీమ్‌ని అప్పగిస్తున్నారు? ఆయన పిలిచే కుర్రాళ్లు క్లబ్‌లో ఎన్ని నిమిషాలు ఆడుతున్నారు? పన్నెండేళ్ల పిల్లలు ఏ గ్రౌండ్‌లో, ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు? మూడోదానికి మన సీమలోనే ఒక జవాబుంది. అనంతపురంలో ఆర్‌డీటీ గ్రౌండ్లలో పల్లెటూరి పిల్లలు, అమ్మాయిలతో సహా, ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. అలాంటి చోటు నంద్యాలకి ఎందుకు లేదు అని గ్రూపులో ఎవరైనా అడిగితే, అది ఫార్మేషన్ చర్చ కంటే పెద్ద చర్చ.

ఈ మూడింటికీ జవాబులు లేనంతకాలం, గ్వార్డియోలా నిజంగానే మెయిల్ పెట్టినా రిప్లై ఇవ్వడానికి మన దగ్గర ఏమీ ఉండదు.