హెచ్‌ఎంకు ట్రైనింగ్ ఇస్తరు సరే, చేతికి ఏమిస్తరు?

బడి బాగుపడాలంటే ముందు హెడ్మాస్టర్‌కు శిక్షణ ఇయ్యాలె. ఢిల్లీ నుంచి జిల్లా దాక అందరూ ఇదే మాట అంటున్నరు. మనం కాదనడం లేదు. మంచి హెచ్‌ఎం వస్తే బడి ఎట్ల మారుతదో తండాల్లో, గూడేల్లో ఒకరు చెప్పనక్కర్లేదు. మన ప్రశ్న వేరే: శిక్షణలో ఏం నేర్పుతున్నరు? నేర్చుకున్నది చేసే అధికారం ఇస్తున్నరా?

2012లో ఢిల్లీలో స్కూల్ లీడర్‌షిప్ జాతీయ కేంద్రం పెట్టిన్రు. 2020 జాతీయ విద్యా విధానం ప్రిన్సిపాళ్లకు ఏటా 50 గంటల శిక్షణ ఉండాలన్నది. మరి బడిలో ఏం మారింది? మధ్యప్రదేశ్‌ అనుభవం చూడండి. అక్కడ 'శాలా సిద్ధి' పేరుతో బడులకు మార్కులేసి, లోపాలు రాసి, హెచ్‌ఎంలతో అభివృద్ధి ప్రణాళికలు చేయించిన్రు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ దాన్ని పరిశోధించి 2020లో తేల్చిందేమిటంటే, ప్రణాళికలు తయారైనయ్ గానీ బోధన మారలేదు, పిల్లల చదువు పెరగలేదు. అయినా అదే పద్ధతిని ఇంకా వేల బడులకు పాకించిన్రు. కాగితం నిండితే పని అయినట్టే లెక్క!

ఎందుకిట్ల? ఖాళీ పోస్టు నింపే అధికారం హెచ్‌ఎంకు లేదు. వంట బిల్లు ఆగితే ఇప్పించే శక్తి లేదు. పొద్దంత ఆన్‌లైన్ లెక్కలు, హాజరు యాపులు. ఇట్లాంటి మనిషికి 'నాయకత్వ లక్షణాలు' అని స్లైడ్లు చూపిస్తే ఏం లాభం?

మల్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు మనకు ఇంకో చిక్కుంది. మనం షెడ్యూల్డ్ ప్రాంతంలో లేం, ఐటీడీఏ మన దగ్గర లేదు. మన పిల్లలు మామూలు సర్కారు బడికో, హాస్టల్‌కో, గురుకులానికో పోతరు. ఆ పిల్ల ఇంట్ల ఏ భాష మాట్లాడుతదో తెలుసుకొమ్మని హెచ్‌ఎంకు చెప్పేటోళ్లెవరు?

సిరిసిల్ల జిల్లాలో మర్రిమడ్ల, ఎల్లారెడ్డిపేటలో ఏకలవ్య గురుకులాలున్నయ్. ఏకలవ్య నియామకాలు 2023 నుంచి దేశమంతటికీ ఒకే పరీక్షతో జరుగుతున్నయ్. ఆ నోటిఫికేషన్‌లోనే 303 ప్రిన్సిపాల్ పోస్టులు. పరీక్షలో హిందీ ఉంది, మన పిల్లల భాష లేదు. తెలుగే రాని ప్రిన్సిపాల్ వస్తే తండా తల్లి తన బిడ్డ గురించి ఎవరిని అడగాలె?

ఇది చిన్న విషయం కాదు. 2024 నవంబర్‌లో వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాల ఆడబిడ్డ ఒకరు హాస్టల్లో జబ్బుపడి నిమ్స్‌లో ప్రాణం వదిలింది. హాస్టల్ బడి నడపడమంటే తిండి, నీళ్లు, జ్వరం, రాత్రి కాపలా అన్నీ చూసుకోవడం. శిక్షణలో మొదటి పాఠం ఇదే కావాలె.

అందుకే అడుగుతున్నం:

ఒకటి, గిరిజన పిల్లలున్న ప్రతి బడి హెచ్‌ఎంకు వాళ్ల భాష, బతుకు గురించి, పిల్లల ఆరోగ్యం గురించి శిక్షణ ఇయ్యాలె.

రెండు, విద్యా హక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. హెచ్‌ఎంతో పాటు వాళ్లకూ శిక్షణ ఇయ్యాలె. ఖర్చు లెక్కలు వాళ్ల ముందట పెట్టాలె.

మూడు, లెక్కలు ఎక్కించే పనికి వేరే మనిషిని ఇయ్యాలె. అత్యవసర ఖర్చుకు హెచ్‌ఎం చేతిలో పైసలుండాలె.

నాలుగు, శిక్షణ అయిన ఆర్నెల్లకు బడికొచ్చి చూడాలె. ఫైల్ కాదు, పిల్ల చదువుతున్నదా, కడుపునిండా తింటున్నదా అన్నది చూడాలె.

సర్టిఫికెట్ గోడకు వేలాడితే బడి మారదు. హెచ్‌ఎంకు అధికారం, తల్లిదండ్రులకు అడిగే హక్కు, రెండూ ఉంటేనే మారుతది. వచ్చే బడి కమిటీ మీటింగ్‌కు మనమే ముందుగాల పోదాం, అడుగుదాం.