ఆ ఒక్క పీరియడ్ ఉండనివ్వండి



ఈ నెల పీటీఎంకి వచ్చినప్పుడు ఏడో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఒక ఫారం ఇస్తారు. వచ్చే ఏడాది ఎనిమిదిలో మీ అబ్బాయికి లేదా అమ్మాయికి వారానికి ఒక యాక్టివిటీ పీరియడ్ ఉంచాలా, దాని బదులు ఇంకో ఫౌండేషన్ మ్యాథ్స్ క్లాస్ కావాలా అని అందులో అడుగుతారు. టిక్ పెట్టేముందు ఈ పేజీ ఒకసారి చదవమని అడుగుతున్నాను. నేను చెప్పేది ఇంగ్లిష్. మ్యాథ్స్ టీచర్లతో నాకేమీ గొడవ లేదు, రోజూ ఒకే స్టాఫ్ రూమ్‌లో కూర్చుని భోంచేస్తాం.

మీ పిల్లలు వినే పాటల్లో 'బెగ్గిన్' అనేది ఒకటి ఉండొచ్చు. పేరు గుర్తుండకపోయినా ట్యూన్ మీ చెవిన పడే ఉంటుంది. ఫోర్ సీజన్స్ అనే అమెరికన్ బృందం 1967లో పాడిన పాట అది. 2021లో టిక్‌టాక్ పుణ్యమా అని మళ్లీ ప్రపంచమంతా మోగింది. మన దేశంలో టిక్‌టాక్ అప్పటికే నిషేధమైనా పాట మాత్రం ఆగలేదు. ఈసారి మోగింది అమెరికన్ల గొంతు కాదు, మోనెస్కిన్ అనే ఇటలీ రాక్ బ్యాండ్‌ది. వాళ్లు దాన్ని 2017లో పాడారు. అప్పుడు నలుగురిలో పెద్దవాడికి 18 ఏళ్లు, చిన్నవాడికి 16. అంటే మన ప్లస్ వన్, ప్లస్ టూ పిల్లల వయసు.

మీకు ఈ సంగీతం నచ్చాలని నేను చెప్పడం లేదు. గోల ఎక్కువ, కాటుక ఎక్కువ, ఒంటి మీద బట్టలు కొన్నిసార్లు తక్కువ. కానీ వాళ్లు పైకి వచ్చిన తీరులో మనకి, అంటే మీకూ మాకూ, పనికొచ్చే విషయం ఒకటి ఉందని నా అభిప్రాయం.

బేస్ గిటార్ వాయించే విక్టోరియా డి ఆంజెలిస్, గిటార్ వాయించే థామస్ రాజ్జి రోమ్ నగరంలో ఒకే మిడిల్ స్కూల్లో చదివారు. పాడే డామియానో డేవిడ్ కూడా స్కూలు రోజుల నుంచి తెలిసినవాడే. డ్రమ్మర్ దొరకలేదు. ఫేస్‌బుక్‌లో వెతికితే రోమ్‌కి దూరంగా ఫ్రోసినోనే అనే ఊరి నుంచి ఈథన్ టోర్కియో వచ్చి చేరాడు. ఒక పోటీకి పేరు ఇవ్వాల్సి వస్తే, బ్యాండ్‌కి పేరే లేదని అప్పుడు గుర్తొచ్చింది. విక్టోరియా తల్లి డెన్మార్క్ ఆవిడ. ఆ అమ్మాయిని కొన్ని డేనిష్ మాటలు చెప్పమన్నారు. వాటిలో 'వెన్నెల' అనే అర్థం వచ్చే మాట తీసుకున్నారు. అదే మోనెస్కిన్.

తరువాత వాళ్లు చేసిన పని, వీధిలో నిలబడి వాయించడం. రోమ్ నడిబొడ్డున వియా డెల్ కోర్సో అని ఒక పెద్ద షాపింగ్ వీధి ఉంది. మన హైదరాబాద్ ఆబిడ్స్‌నో, విజయవాడ బీసెంట్ రోడ్డునో ఊహించుకోండి. చేతిలో సంచులతో తొందరగా నడిచిపోయే జనం మీ పాట కోసం రాలేదు. మీకు టికెట్ డబ్బులు ఇవ్వలేదు. అమ్మానాన్నల్లాగా చప్పట్లు కొట్టాల్సిన మొహమాటం కూడా వాళ్లకి లేదు. నచ్చకపోతే వెళ్లిపోతారు. వాళ్లని ఆపాలంటే మొదటి అర నిమిషంలోనే ఆపాలి. ఏ ట్యూషనూ నేర్పలేని పాఠం అది.

ఇంకో సంగతి. నలుగురు కలిసి వాయించేటప్పుడు ఎవరికి వాళ్లు బాగా వాయిస్తే సరిపోదు. డ్రమ్స్, బేస్ ఒకదాన్నొకటి పట్టుకుని నడవాలి. గిటార్ గట్టిగా వాయిస్తే గొంతు వినిపించదు, అందుకే పాట మధ్యలో తగ్గడం తెలియాలి. ఒకరు తప్పితే మిగతా ముగ్గురూ ఆగకుండా సర్దుకుపోవాలి. మన పిల్లలకి మేము ఇచ్చే ప్రతి పరీక్షా ఒంటరి పరీక్షే. పక్కవాడి వైపు చూస్తే తప్పు. పక్కవాడిని వినకపోతే తప్పయ్యే చోటు టైమ్ టేబుల్లో ఎక్కడుందో వెతకండి. గేమ్స్ పీరియడ్‌లో ఉంది, యాక్టివిటీ పీరియడ్‌లో ఉంది. అంతే.

2017లో వీళ్లు ఇటలీ టీవీలో వచ్చే 'ఎక్స్ ఫ్యాక్టర్' పోటీకి వెళ్లారు. ఫైనల్ దాకా వచ్చి రెండో స్థానంలో ఆగిపోయారు. మొదటి స్థానం లోరెంజో లిచిత్రా అనే గాయకుడికి దక్కింది. ర్యాంకుల గురించి మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. రెండో ర్యాంకు వచ్చిన పిల్లాడిని 'ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయింది' అని అడిగే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఈ నలుగురూ రెండో స్థానంతోనే మొదటి రికార్డు చేశారు. మరుసటి ఏడాది పూర్తి ఆల్బమ్ తెచ్చారు. మొదట్లో ఎక్కువగా ఇంగ్లిష్‌లో పాడినవాళ్లు, ఆ ఆల్బమ్‌కి వచ్చేసరికి ఎక్కువగా తమ భాషలో రాసుకున్నారు.

2021 మార్చిలో ఇటలీలో పేరున్న సాన్‌రెమో పాటల పండుగ జరిగింది. కోవిడ్ వల్ల థియేటర్‌లో ప్రేక్షకులు లేరు. ఖాళీ కుర్చీల ముందు పాడి గెలిచారు. ఆ గెలుపుతో ఇటలీ తరఫున యూరోవిజన్ పోటీకి వెళ్లే అవకాశం వచ్చింది. మే 22న నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఫైనల్. జ్యూరీలు వాళ్లకి ఇచ్చిన మార్కులు 206, అంటే నాలుగో స్థానం. తరువాత ప్రజల ఓట్లు లెక్కపెట్టారు, 318 వచ్చాయి. మొత్తం 524తో మొదటి స్థానం. ఇటలీకి అంతకుముందు 1964లో ఒకసారి, 1990లో ఒకసారి ఆ బహుమతి వచ్చింది. మళ్లీ 31 ఏళ్లకి వీళ్లు తెచ్చారు. ఎక్కువగా ఇంగ్లిష్ పాటలకే పట్టం కట్టే ఆ పోటీలో ఇటాలియన్‌లో పాడి తెచ్చారు.

ఆ పాట పేరు 'జిట్టి ఎ బువోని'. తెలుగులో చెప్పాలంటే 'నోరు మూసుకుని బుద్ధిగా ఉండండి'. రోజుకి కనీసం పదిసార్లు క్లాసులో మేము అనే మాట అది. ఇంట్లో మీరూ అంటారు. పిల్లలకి పెద్దవాళ్లు చెప్పే ఆ మాటనే తిప్పి పాటగా కట్టారు. అలాగని నియమాలన్నీ ఎగరగొట్టలేదు. యూరోవిజన్‌లో బూతు మాటలు కుదరవంటే పాటలో ఆ మాటలు మార్చుకుని పాడారు. తమకి ముఖ్యమైనది ఏదో, సర్దుకోగలిగినది ఏదో వాళ్లకి తెలుసు. పదిహేనేళ్ల పిల్లలకి మనం నేర్పాలనుకునేది కూడా ఈ తేడానే కదా.

గెలిచిన రాత్రే ఒక గొడవ వచ్చింది. డామియానో బల్ల మీదకి వంగిన వీడియో చూసి మత్తుమందు తీసుకున్నాడని ఎవరో అన్నారు, గంటల్లో యూరప్ అంతా పాకింది. అతను కాదన్నాడు. కావాలంటే పరీక్ష చేయండని తనే ముందుకొచ్చాడు. పరీక్షలో ఏమీ లేదని తేలింది, పోటీ నిర్వాహకులూ అదే ప్రకటించారు. అక్కడ పగిలిన గాజు గ్లాసు మాత్రం నిజంగానే దొరికింది. జుట్టు పెంచిన అబ్బాయినీ, గిటార్ పట్టుకున్న అమ్మాయినీ చూడగానే మనం తీర్పు చెప్పేస్తాం. ఆ తీర్పు చెప్పేముందు ఈ సంగతి ఒక్కసారి గుర్తు చేసుకోండి.

ఇప్పుడు మీ ప్రశ్న నాకు తెలుసు. పీటీఎంలో చాలామంది అడిగేదే. 'వాళ్లకి కుదిరింది మేడమ్. మా వాడికి కుదరకపోతే?'

న్యాయమైన ప్రశ్న. నిజం చెప్పాలంటే కుదరదు. రోమ్‌లో వీధుల్లో వాయించిన ప్రతి బ్యాండూ యూరోవిజన్ దాకా వెళ్లదు. డామియానో హైస్కూల్ చదువు పూర్తి చేయలేదన్న సంగతి కూడా దాచను. అది మన పిల్లలకి ఆదర్శమని నేను అనను. నా క్లాసులో ఎవరైనా అతన్ని చూపించి చదువు మానేస్తానంటే మొదట ఫోన్ చేసేది నేనే. మీరు అప్పు చేసి ఫీజు కడుతున్నారని తెలుసు. ఈఏపీసెట్, జేఈఈ, నీట్ సీట్లు ఎన్నో, రాసేవాళ్లు ఎందరో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ భయం ఉత్తుత్తిది కాదు.

అందుకే మీ పిల్లాడు స్టార్ అవుతాడని ఆశ పెట్టను. నేను అడిగేది ఇంకొకటి. ఎవరూ స్టార్ కాకపోయినా ఆ పీరియడ్ పనికొస్తుంది. ఎలాగో నా సబ్జెక్ట్ నుంచే చెబుతాను.

మన పిల్లలు ఇంగ్లిష్ చదివేటప్పుడు ప్రతి మాటనీ ఒకే బరువుతో చదువుతారు. తెలుగు నడక అలాంటిది, ప్రతి అక్షరాన్నీ దాదాపు సమానంగా పలుకుతాం. ఇంగ్లిష్‌లో వాక్యంలో ఒకటి రెండు మాటల మీద బలం పడుతుంది, మిగతావి చప్పున దాటిపోతాయి. గ్రామర్ పుస్తకంలో ఇది రెండు పేజీల పాఠం. పిల్లలకి నిద్ర వస్తుంది. అదే ఒక ఇంగ్లిష్ పాటని తాళం వేస్తూ నాలుగుసార్లు పాడిస్తే, బలం ఎక్కడ పడాలో చేతికే తెలిసిపోతుంది. రోల్ నంబర్ పిలిస్తే తప్ప నోరు విప్పని పిల్లలు గ్రూపులో పాడటం మొదలుపెట్టాక, రెండు మూడు నెలల్లో లేచి నిలబడి జవాబు చెప్పడం నేను చూశాను. నలుగురిలో తన గొంతు తను వినడం అలవాటైతే, తరువాత ఒంటరిగా మాట్లాడటానికి భయం తగ్గుతుంది. రేపు ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు మీరు కోరుకునేది ఇదే.

ఇక లెక్క. మ్యాథ్స్ టీచర్‌ని అడిగి సరిచూసుకున్నాను. యాక్టివిటీ పీరియడ్ 40 నిమిషాలు. సెలవులు, పరీక్షల వారాలు తీసేస్తే ఏడాదిలో 35 వారాలు అనుకుందాం. మొత్తం 1400 నిమిషాలు, అంటే 23 గంటల 20 నిమిషాలు. ఏడాది పొడవునా కలిపినా ఒక్క రోజు నిండదు. ఆ ఒక్క రోజు తీసేస్తే సీటు వస్తుందని ఏ ఫౌండేషన్ సారూ మీకు రాసివ్వరు. కానీ ఎనిమిదిలో పోయిన ఆ పీరియడ్ తొమ్మిదిలో తిరిగి రాదు, పదిలో అసలే రాదు. ఇంటర్‌లో హాస్టల్ టైమ్ టేబుల్ ఎలా ఉంటుందో మీరే చూశారు.

ఫారంలో ఆ పీరియడ్ ఉంచితే, దాంతోపాటు మూడు మాటలు కోరుతాను.

మొదటిది, దాన్ని మార్కులకి ముడిపెట్టకండి. 'యూనిట్ టెస్ట్‌లో 90 దాటితేనే గిటార్' అన్నారంటే అది జీతంలో కోత లాంటిది అవుతుంది. పిల్లలు దాన్ని ఇష్టపడటం మానేస్తారు, మార్కులూ పెరగవు.

రెండోది, వెంటనే సర్టిఫికెట్ అడగకండి. 'ఏ గ్రేడ్ వరకు వచ్చింది, పోటీకి ఎప్పుడు పంపుతారు' అని మొదటి నెలలోనే అడిగితే అది ఇంకో సబ్జెక్ట్ అయిపోతుంది. ఈ నలుగురు వీధిలో వాయించేటప్పుడు చేతిలో ఏ సర్టిఫికెట్టూ లేదు. ఏళ్ల తరబడి కలిసి వాయించిన అలవాటు ఉంది కాబట్టే, సాన్‌రెమోలో ఖాళీ థియేటర్ ముందు కూడా వాళ్లు తడబడలేదు.

మూడోది, స్నేహితులతో చేయనివ్వండి. ఒక గదిలో ఒంటరిగా కీబోర్డ్ క్లాస్ పెట్టించడం మంచిదే, కానీ నలుగురు కలిసి చేసేది వేరు. ఆదివారం ఒక గంట మీ ఇంటి హాల్లో వాళ్లు గోల చేస్తే ఓర్చుకోండి. పక్క ఫ్లాట్ వాళ్లకి ముందే ఒక మాట చెప్పండి. మధ్యలో ఎవరో అలిగి వెళ్లిపోతారు. మీరు కల్పించుకోకండి. మళ్లీ వాళ్లే పిలుచుకుంటారు. ఆ పిలుచుకోవడం కూడా నేర్చుకోవాల్సిందే.

మోనెస్కిన్ 2023లో గ్రామీ కొత్త కళాకారుల విభాగంలో నామినేషన్ దాకా వెళ్లింది, బహుమతి రాలేదు. 2024 నుంచి నలుగురూ ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. డామియానో ఒంటరిగా పాడుతున్నాడు. మళ్లీ కలుస్తారో లేదో వాళ్లిష్టం. ఆ బ్యాండ్ రేపు ఎవరికీ గుర్తులేకపోయినా, స్కూలు వయసులో తమ ఇష్టంతో మొదలుపెట్టి, తమ చేతులతో నిలబెట్టిన పని ఒకటి ఆ నలుగురికీ ఉంది. మీ పిల్లలకి కూడా అలాంటిది ఒకటి ఉండాలని నా కోరిక. అది పాటే కానక్కర్లేదు. నాటకం కావచ్చు, బొమ్మలు కావచ్చు, గోడపత్రిక కావచ్చు.

ఫారం తిరిగి ఇవ్వడానికి పీటీఎం తరువాత వారం రోజుల గడువు ఉంటుంది. అక్కడికక్కడే నింపకండి. ఇంటికి తీసుకెళ్లి, రాత్రి భోజనాల దగ్గర మీ అబ్బాయినో అమ్మాయినో అడగండి. వాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా 'నోరు మూసుకుని బుద్ధిగా ఉండు' అనకండి. విన్న తరువాత మీకు ఏది సరైనదనిపిస్తే దానికే టిక్ పెట్టండి.

మీ
ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం