జీతం ఒక్కటే కొలబద్ద కాదు

గల్ఫ్‌లో ఉద్యోగం లభించిన భారతీయుడు భార్యాబిడ్డలతో ఎక్కడ కాపురం పెట్టాలో నిర్ణయించుకొనేటప్పుడు సాధారణంగా జీతాన్నే చూస్తాడు. ఆదాయపు పన్ను లేదన్న ఆకర్షణ సరేసరి. కాని కుటుంబం వెంట వెళితే లెక్క మారిపోతుంది.

సౌదీ అరేబియా 2017 జులైలో విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ల రుసుము విధించింది. ఏటా పెరుగుతూ 2020 నాటికి అది 400కు చేరింది. భార్య, ఇద్దరు పిల్లలు గల ఉద్యోగిపై ఏడాదికి 14,400 రియాళ్ల భారం పడింది. అనేకులు కుటుంబాలను స్వదేశానికి పంపివేశారు. చదువు మధ్యలో బడి మారవలసివచ్చింది మాత్రం పిల్లలే.

దుబాయి అద్దెలు భరించలేనివారు పొరుగున ఉన్న షార్జాలో ఉంటారు. అద్దె కలిసివచ్చినా రాకపోకల రద్దీలో గంటలు పోతాయి. తండ్రి ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోతారు.

గల్ఫ్‌లో ఎన్నేళ్లున్నా పౌరసత్వం సాధారణంగా లభించదు. ఉద్యోగం పోతే తిరుగుముఖం పట్టవలసిందే. కనుక సీబీఎస్ఈ పాఠశాల దగ్గరగా ఉన్న చోటును ఎంచుకోవటం వివేకం. స్వదేశానికి వచ్చినా ఆ చదువు కొనసాగుతుంది. అద్దె, ఫీజు, రుసుముల లెక్క విమానమెక్కిన తరువాత కాదు, ఎక్కకముందే వేసుకోవాలి.