శుశ్రూషయు, పరిశోధనయు

"శుశ్రూష" యను పదమును మనము సేవ యను అర్థముననే వాడుచున్నాము. కాని దాని మూలార్థము "వినవలెనను కోరిక". సంస్కృతమున వినుట యను అర్థముగల "శ్రు" ధాతువునుండి పుట్టిన మాట యది. ఉర్దూలో రోగికి చేయు సేవను "తీమార్‌దారీ" అందురు. పారసీక భాషలో "తీమార్" అనగా ఒకరి కొరకు పడు చింత. ఈ రెండు మాటలను చేర్చి చూచినచో నర్సు వృత్తి యొక్క సారము బోధపడును. రోగిని గూర్చి చింతించుట, అతడు చెప్పునది వినుట. ఈ వినుటను క్రమబద్ధమైన విద్యగా మలచుటకు నేడు మనకు గల మంచి సాధనము, ఆంగ్లమున యాక్షన్ రీసెర్చ్ అనబడు క్రియాత్మక పరిశోధన.

పరిశోధన యనగానే పెద్ద ప్రయోగశాలలు, లావుపాటి సిద్ధాంత గ్రంథములు మన కనులముందు నిలుచును. అట్టి పరిశోధనలో పని చేయువారొకరు, దానిని పరిశీలించువారు వేరొకరు. క్రియాత్మక పరిశోధన ఈ అంతరమును తొలగించును. పని చేయువారే తమ పనిలోని లోపమును గుర్తింతురు, మార్పు నొకదానిని తలపెట్టి ఆచరింతురు, ఫలితమును గమనింతురు, దానిపై ఆలోచించి మరల ముందుకు సాగుదురు. ఈ పద్ధతికి మూలపురుషుడుగా పేర్కొనబడు కర్ట్ లెవిన్ జర్మనీలో పుట్టిన యూదుడు. నాజీల పాలన వచ్చిన 1933లో స్వదేశమును వీడి అమెరికా చేరినాడు. 1946లో ఆయన ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసము క్రియాత్మక పరిశోధనను అల్పసంఖ్యాకుల సమస్యలతో ముడిపెట్టి చర్చించినది. కేవలము గ్రంథములను మాత్రమే పుట్టించు పరిశోధన చాలదని ఆయన వాదము. మన వంటి కళాశాలలో ఈ సంగతి తెలిసి యుండుట అవసరము.

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు వినగానే మనకు ఆమె చేతిలోని దీపము గుర్తుకు వచ్చును. ఆమె చేతిలోని లెక్కలు గుర్తుకు రావు. 1854 నవంబరులో ఆమె 38 మంది నర్సులతో తుర్కీ దేశమున స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరెను. ఆమె వచ్చిన పిదప కూడ మరణములు వెంటనే తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో మరణములు నూటికి 42 వరకు పెరిగెను. మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘము మురుగు కాలువలను బాగుచేయించి, గాలి వచ్చునట్లు చేసిన పిమ్మట, జూన్ నాటికి అవి నూటికి 2 స్థాయికి దిగెను. యుద్ధానంతరము ఆమె ఆ లెక్కలను పరిశీలించి, సైనికులను చంపినది గాయములకంటె ఆసుపత్రి అపరిశుభ్రతయే యని చిత్రపటములతో నిరూపించెను. కరుణకు లెక్క తోడైనప్పుడే ప్రాణములు నిలిచినవి.

మన ఆసుపత్రులలో ఈ పద్ధతి ఎట్లుపయోగపడునో చూతము. మంచము పట్టిన రోగికి వీపున, నడుమున, మడమలపై పుండ్లు పడును. శరీరపు బరువుచేత చర్మమునకు రక్తప్రసారము ఆగుటయే దీనికి ముఖ్య కారణము. రెండు గంటల కొకసారి రోగిని ఒత్తిగిలింపవలెనని పాఠ్యగ్రంథములు చెప్పును. అది తెలియని నర్సు లేదు. అయినను పుండ్లు పడుచునే యున్నవి. ఎందుచేత? రాత్రివేళ నర్సులు చాలకనా? ఏ గంటకు ఎవరు ఒత్తిగిలించిరో వ్రాసి యుంచు కాగితము లేకనా? ప్రక్కనే కూర్చున్న బంధువునకు ఎవరును నేర్పకనా? నేర్పినను అతనికి రాని భాషలో నేర్పుట వలననా? ఈ ప్రశ్నలకు జవాబు ఆ వార్డులోనే యున్నది. నర్సులు ఒక నెల దినములు లెక్క వ్రాసి, కారణమును ఊహించి, ఒక్క మార్పు చేసి, మరునెల లెక్కతో సరిచూచుకొనవలెను. ఉర్దూ మాత్రమే తెలిసిన ముసలి తల్లికి ఉర్దూలో, తెలుగు తల్లికి తెలుగులో చెప్పి చూచుట కూడ అట్టి మార్పులలో నొకటి కావచ్చును.

ఊపిరి పీల్చుకొనుటకే తీరిక లేని నర్సుకు పరిశోధన మరియొక భారము కాదా యని కొందరందురు. ఈ ఆక్షేపణలో నిజము కలదు. సిబ్బందిని పెంచకుండ పరిశోధన చేయుమనుట న్యాయము కాదు. కాని ఆమె ఇప్పుడు నింపుచున్న రిజిస్టర్లు ఎన్నియో! వానిని తిరిగి చదువువారు కొద్దిమందియే. కొన్నింటిని తగ్గించి, ప్రయోజనము గల ఒక్క లెక్కను ఉంచినచో భారము పెరుగదు. సిబ్బంది కొరతకు సాక్ష్యము కూడ ఆ లెక్కలోనే దొరకును. ఇంకొక ప్రమాదము కలదు. ఆ లెక్కను చూచి నర్సులను దండింప మొదలిడినచో, మరునాటి నుండి నిజము వ్రాయువారుండరు. ఒక వార్డులో ఫలించినది అంతటను ఫలించునని చెప్పుటయు తగదు.

ఇస్లామీయ చరిత్రలో రుఫైదా అల్ అస్లమియా పేరు గౌరవముతో చెప్పబడును. క్రీ.శ. 627 నాటి కందక యుద్ధమున గాయపడినవారికి మదీనా మసీదు ఆవరణలోని గుడారమున ఆమె చికిత్స చేసెనని చరిత్రకారులు వ్రాసిరి. ఆ వృత్తిని చేపట్టు మన విద్యార్థినులు వైద్యుని ఆజ్ఞను నెరవేర్చుటతో తమ బాధ్యత తీరినదని తలపరాదు. ఆసుపత్రుల అధికారులు కూడ వారమున కొక గంట నర్సులను కూర్చుండబెట్టి, వారు కనుగొన్నది చెప్పనిచ్చి, ఓపికతో ఆలకింపవలెను. దీనికి ధనము పెద్దగా అక్కరలేదు. కావలసినది ఆమె మాటకు విలువ నిచ్చు మనస్సు.