కంటి వాపుకు ముందు ముక్క పరీక్ష, తర్వాతే మందు

కంటి దగ్గర వచ్చే వాపులన్నీ ఒకటి కావు. రెప్ప మీద కురుపు లేస్తే నొప్పి, ఎరుపు ఉంటాయి, కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. నొప్పి లేకుండా నెలల తరబడి పెరిగే గడ్డ, కనుగుడ్డు ముందుకు రావడం, తెల్లగుడ్డుపై గులాబీ రంగు మెత్తని మచ్చ మాత్రం లింఫోమా కావచ్చు. అది లింఫోసైట్లు అనే రక్షణ కణాల క్యాన్సర్. ఎక్కువగా నడివయసు దాటినవారికి వస్తుంది.

మన ఇళ్లలో ఇలాంటి వాపుకు ముందు సుర్మా, తర్వాత మందుల షాపు చుక్కలు, అదీ కుదరకపోతే ఎవరో చెప్పిన స్టెరాయిడ్ మాత్రలు. అసలు ప్రమాదం ఈ చివరి మెట్టులోనే ఉందని నా అభిప్రాయం. స్టెరాయిడ్‌కు లింఫోమా కణాలు కొన్నాళ్లు కరుగుతాయి. వాపు తగ్గిందని సంతోషిస్తాం. కానీ ఆ తర్వాత ముక్క తీసి చూసినా జబ్బు పేరు తేలకపోవచ్చు.

పేరుతో పనేమిటంటారా? చికిత్స అంతా దాని మీదే ఆధారపడి ఉంది. కంటి చుట్టూ ఎక్కువగా కనిపించేది మాల్ట్ లింఫోమా. 1983లో ఐజాక్సన్, రైట్ అనే పాథాలజిస్టులు మొదట జీర్ణాశయంలో గుర్తించిన రకమిది. మైక్రోస్కోపులో చిన్న కణాలు, కొన్నింటిలో కేంద్రకం చుట్టూ పాలిపోయిన ద్రవం, మధ్యమధ్య ప్లాస్మా కణాలు కనిపిస్తాయి. ఇది నెమ్మదిగా పెరుగుతుంది. కంటికే పరిమితమైతే చాలామందికి రేడియేషన్ సరిపోతుంది. మాంటిల్ సెల్ రకంలోనూ కణాలు చిన్నవే, కానీ అది మొండిది. సైక్లిన్ డీ1 అనే రంగు పరీక్షతో ఆ తేడా తెలుస్తుంది. కణాలు పెద్దవై, అంతటా పరుచుకుని ఉంటే వేగంగా పెరిగే రకం కావచ్చు, దానికి కీమోథెరపీ ఆలస్యం చేయకూడదు. ఒక్కోసారి అది క్యాన్సరే కాదు, ఉత్త వాపు అని తేలుతుంది.

యునానీలో వాపును వరమ్ అనీ, క్యాన్సర్‌ను సర్తాన్ అనీ అంటాం. 9వ శతాబ్దంలో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ కంటి వైద్యంపై పది ప్రకరణాల గ్రంథం రాశారు. అందులో ముందు కంటి నిర్మాణం, తర్వాత జబ్బుల కారణాలు, లక్షణాలు, ఆ తర్వాతే మందులు. ఆ క్రమం నేటికీ సరైనదే. నబ్జ్ పట్టి చూస్తే కణం ఆకారం తెలియదు. అలాంటి రోగిని కంటి ఆసుపత్రికి పంపడం హకీంకు చిన్నతనమేమీ కాదు.

కత్తి పడితే జబ్బు పాకుతుందనే భయం వద్దు. ముక్క తీసినంత మాత్రాన లింఫోమా ముదరదు. ఇంతకుముందు స్టెరాయిడ్ వాడి ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. పాథాలజీ రిపోర్టును, స్లైడ్లను భద్రంగా ఉంచుకోండి.