బాపు చేతిలో నా చాకు

నా ప్యాంటు జేబుల్లో రోజూ నాలుగు వస్తువులుంటాయి. ఫోను, పర్సు, కారు తాళం, చాకు. మొదటి మూడింటికి ఎవరూ ఏమీ అనరు. నాలుగోది చెప్పగానే హైదరాబాద్ ఫ్రెండ్స్ గ్రూపులో "ఏం మామా, డల్లాస్‌లో దాదాగిరీ మొదలుపెట్టినవా?" అని మొదలవుతుంది. పోయినసారి మెకానికల్ కీబోర్డు గురించి రాసినప్పుడు "ఇంకేం పిచ్చిలున్నయ్ నీకు?" అని అడిగినవాళ్లకు ఇదిగో జవాబు. పిచ్చి సంగతి ఎట్లా ఉన్నా, ఈసారి రాసేది దాని వల్ల నేను చేసిన ఒక వెధవ పని గురించి.

టెక్సస్‌లో జేబులో చాకు ఉండటం వింతేమీ కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం కొత్త మానిటర్ బాక్సు ముందు తాళంచెవితో టేపు గీకుతూ కూర్చున్నాను. పక్క డెస్కు పెద్దాయన జేబులోంచి పెన్ను తీసినంత మామూలుగా చాకు తీసి, టేపు కోసి, మడిచి, మళ్లీ జేబులో పెట్టుకుని తన పనిలో పడ్డాడు. ఇక్కడ దీన్ని 'ఎవ్రీడే క్యారీ' అంటారు. రోజూ ఒంటి మీద ఉండే సామాను అన్నమాట. 2017లో మారిన చట్టం ప్రకారం ఈ రాష్ట్రంలో అయిదున్నర అంగుళాల కంటే పొడవైన బ్లేడుకే ఎక్కడికి తీసుకెళ్లకూడదన్న ఆంక్షలున్నాయి. నాదేమో మూడు అంగుళాలకు వెంట్రుకవాసి తక్కువ.

మన దగ్గర సంగతి అడుగుతారని తెలుసు. ఆయుధాల చట్టం పట్టించుకునేది తొమ్మిది అంగుళాల పొడవు, లేదా రెండు అంగుళాల వెడల్పు దాటిన వాటిని. ఇంటికీ వ్యవసాయానికీ వాడే పనిముట్లకు మినహాయింపు ఉంది. కానీ మెట్రో స్టేషన్‌లో స్కానర్ దగ్గర నిలబడి చట్టం చదివి వినిపించలేం కదా. అక్కడ ఉంటే మాత్రం జేబులో పెట్టుకు తిరగకండి.

నా మొదటి చాకు 40 డాలర్లది. ఏడాదిన్నర వాడాను. ఒక రోజు పొద్దున్నే ఫ్లైట్ పట్టుకునే హడావుడిలో బ్యాగు పక్క జేబులో మర్చిపోయాను. సెక్యూరిటీ ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది. వెనక్కి వెళ్లి చెకిన్ బ్యాగులో పెట్టుకో, లేదంటే ఇక్కడ వదిలెయ్. ఫ్లైట్‌కి ఇరవై నిమిషాలుంది. వదిలేశాను. 2013లో ఇక్కడి విమానాశ్రయ భద్రతా సంస్థ చిన్న చాకులను విమానంలోకి అనుమతిస్తామని ప్రకటించి, విమాన సిబ్బంది గోల చేయడంతో మూడు నెలలకే వెనక్కి తగ్గింది. పదేళ్ల తర్వాత ఆ డబ్బాలో నా చాకు పడింది. సరే, పోయింది కాబట్టి ఇంకోటి కొనాలి. కొనేది మంచిదే కొందాం అనుకున్నాను. 'మంచిదే కొందాం' అనే మాట దగ్గరే మన సాఫ్ట్‌వేర్ జీవితాలు పాడయ్యేది.

కొన్నది సెబెంజా 31, చిన్న సైజు. ధర 450 డాలర్లకు కొంచెం అటూ ఇటూ. రూపాయల్లోకి మార్చకండి, నేను మార్చి బాధపడ్డాను. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి 1989లో అమెరికాలో ఐడహో రాష్ట్రం బోయిసీలో స్థిరపడ్డ క్రిస్ రీవ్ అనే ఆయన రూపొందించిన చాకు ఇది. సెబెంజా అనేది జులు భాష మాట. అర్థం 'పని'. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత నాకు బాగా తగిలింది.

అంత డబ్బు దేనికి అంటే, మామూలు మడత చాకులో బ్లేడు తెరుచుకున్నాక అది మళ్లీ మన వేళ్ల మీద మడతపడకుండా లోపల ఒక పలుచటి రేకు అడ్డం పడుతుంది. రీవ్ ఆ రేకు తీసేసి పిడినే లాకుగా మార్చాడు. పిడి రెండు టైటానియం పలకలు. ఒక పలకలో పొడుగ్గా చీలిక కోసి, ఆ ముక్క స్ప్రింగులా లోపలికి వంగి బ్లేడు వెనక కూర్చునేలా చేశాడు. గట్టిగా పట్టుకున్నకొద్దీ లాకు ఇంకా బిగుస్తుంది. వేరే స్ప్రింగు లేదు, అదనపు భాగం లేదు. కోడ్‌లో ఒక ఫంక్షన్ తీసేస్తే ప్రోగ్రామ్ ఇంకా బాగా నడిచినప్పుడు వచ్చే ఆనందం ఉంటుందే, అదీ. తర్వాత ప్రపంచంలో ఎన్ని కంపెనీలు ఈ పద్ధతి ఎత్తుకున్నాయో లెక్కలేదు.

బ్లేడు ఉక్కు పేరు మాగ్నాకట్. లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త తయారుచేసిన మిశ్రమం, 2021లో బయటికి వచ్చింది. చాకు ఉక్కులో మూడు గుణాలు కావాలి. పదును నిలవాలి, విరగకూడదు, తుప్పు పట్టకూడదు. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ చదివినవాళ్లకు ఈ గొడవ బాగా తెలుసు. తుప్పు ఆగడానికి క్రోమియం వేస్తే అది కార్బన్‌తో కలిసి పెద్ద పెద్ద గింజలు కడుతుంది, ఆ గింజల దగ్గరే అంచు పెళుసవుతుంది. థామస్ ఆ క్రోమియం గింజలే కట్టకుండా లెక్కలు వేశాడు. క్రోమియం ఉక్కులో కరిగే ఉండి తుప్పును ఆపుతుంది. పదును నిలిపే పని వనేడియం, నియోబియంల చిన్న గింజలు చూసుకుంటాయి. ఆయన నాన్న చాకులు, డమాస్కస్ ఉక్కు చేసే మనిషి. కొడుకు చదువుకుని ఉక్కునే కొత్తగా రాశాడు.

డమాస్కస్ అంటే గుర్తొచ్చింది. పాత కాలపు డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు మూసల్లో కరిగించింది మన వైపే. మా నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దానికి పెట్టింది పేరు. పర్షియా నుంచి వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. నేను ఆ జిల్లాలోనే పుట్టి, ఇది డల్లాస్‌లో కూర్చుని ఇంగ్లిష్ యూట్యూబ్ వీడియోలో తెలుసుకున్నాను.

ఇంతకీ ఆ చాకుతో ఏం చేశాను? చెప్పాలంటే సిగ్గే. ఎనిమిది నెలలు దాన్ని తెరవడం, మూయడం. బొటనవేలితో తోస్తే నూనెలో జారినట్టు వచ్చి 'టక్' మంటుంది. మీటింగుల్లో మ్యూట్ మీద పెట్టి టక్, టక్. కొరియర్ డబ్బాలు కోస్తే టేపు జిగురు అంటుకుంటుందని వాటికి వేరే చవక కట్టర్ కొన్నాను. సోనామసూరి బియ్యం సంచి దారం కోయడానికి తీశాను కానీ, అది కూడా రెండుసార్లే. తాళంచెవులు తగిలి టైటానియం మీద గీతలు పడతాయని తాళాలను ఎడమ జేబులోకి మార్చాను. వాడితే అరుగుతుందని వాడకుండా, వాడటం కోసమే చేసిన వస్తువును మోస్తూ తిరిగాను.

మొన్న ఎండాకాలం అమ్మా బాపూ వచ్చారు. బాపు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైర్ అయిన మనిషి. వచ్చిన రెండో రోజే నా టక్ టక్ విని, "ఎంతరా అది?" అని అడిగాడు. నలభై అయిదు డాలర్లన్నాను. ఒక సున్నా తీసేశాను. "బానే ఉన్నది," అని తెరిచి, మూసి, ఇచ్చేశాడు. అంతే.

ఆగస్టులో ఒక శనివారం, గుడికి పోదామని దిగితే కారు స్టార్ట్ అవ్వలేదు. ఇక్కడి ఎండలకు బ్యాటరీలు తొందరగా పోతాయి. నేను ఫోన్ తీసి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాప్‌లో లాగిన్ అవుతున్నాను, ఓటీపీ రావట్లేదు. బాపు బానెట్ ఎత్తి చూశాడు. టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా చిలుము పట్టి ఉంది.

"చాకు ఇటియ్యి," అన్నాడు.

ఓటీపీ ధ్యాసలో ఇచ్చేశాను. తలెత్తి చూసేసరికి బిగింపు కొంచెం వదులు చేసి, చిలుమంతా గీకి, ఇంకా ఆ సందులో చాకు మొన పెట్టి తిప్పుతున్నాడు. బోల్టుకు తగిలిన శబ్దం నాకు పళ్లలో వినిపించింది.

అరిచాను. ఎట్లా అరిచానంటే, పక్క అపార్ట్‌మెంట్ బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోస్తున్నావిడ ఆగి చూసింది. "బాపూ, ఏం చేస్తున్నవ్! అది నాలుగు వందల యాభై డాలర్లు!"

ఆయన చెయ్యి ఆగింది. "నాలుగు వందల యాభైయా?" అన్నాడు మెల్లగా. చాకును లుంగీ అంచుకు తుడిచి, మడవబోతే లాకు ఎట్లా తీయాలో తోచక, తెరిచినట్టే పిడి నా వైపు తిప్పి పట్టుకున్నాడు. "పనిముట్టే కదా అనుకున్న బిడ్డా," అన్నాడు.

కారు స్టార్ట్ అయింది. ఆ సంగతి చెప్పడం మర్చిపోయాను. మొదటి కీకే స్టార్ట్ అయింది. గుడికి వెళ్లే దారంతా ఎవరం మాట్లాడలేదు. అమ్మ మాత్రం ఒకసారి, "నలభై అయిదన్నవ్ కదరా," అంది.

అరవడం ఒక్కటే అయితే మా ఇంట్లో సాయంత్రానికి పోయేది. దీంతో పోలేదు. ఆ రోజు నుంచి బాపు ఆ చాకును ముట్టలేదు. మామిడిపండ్ల బాక్సు తెస్తే వంటింటి కత్తి అడిగాడు. నేను చాకు టేబుల్ మీద పెట్టి స్నానానికి వెళ్తే, తిరిగి వచ్చేసరికి దాని కింద మడతపెట్టిన చేతిరుమాలు. "గీతలు పడుతయని పెట్టిన," అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే. బయటికి వెళ్లేటప్పుడు "అది జాగ్రత్తరా" అని గుర్తుచేసేవాడు. ఇరవై ఏడేళ్లు స్తంభాలెక్కిన మనిషి, ఒక్క పనిముట్టు గురించి అట్లా భయం భయంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. దీనికంటే తిరిగి నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

అంచు చూశాను. మధ్యలో చిన్న నొక్కు. గోరు ఆనిస్తే తెలుస్తుంది. కంపెనీకి పంపితే సర్వీస్ చేసి ఇస్తారు. పంపుదామని డబ్బా కూడా సిద్ధం చేశాను. ఆదివారం పొద్దున ఎందుకో మనసు మారి, డైనింగ్ టేబుల్ మీద పాత న్యూస్‌పేపర్ పరిచి మొత్తం విప్పాను. ఈ చాకు ప్రత్యేకత అదే, దాంతోపాటు వచ్చే చిన్న అలెన్ కీతో యజమానే విప్పుకోవచ్చు. స్క్రూలు, రెండు పలకలు, బ్లేడు, రెండు కంచు వాషర్లు, ఇరుసు. పెద్ద సామానేం లేదు. బాపు టీ తాగుతూ దూరంగా సోఫాలోంచి చూస్తున్నాడు. వాషర్ ఒకటి జారి కింద పడితే నాకంటే ముందు ఆయన చూశాడు. వచ్చి ఏరి ఇచ్చాడు. మళ్లీ వెళ్లలేదు.

డైమండ్ పలక మీద నూరడం మొదలుపెట్టాను. వనేడియం గింజలు గట్టివి, మామూలు సానరాయి త్వరగా లొంగదు. యూట్యూబ్ లెక్క ప్రకారం పక్కకు పద్దెనిమిది డిగ్రీలు. ఫోన్‌లో యాంగిల్ కొలిచే యాప్ పెట్టుకున్నాను. ఓ పావుగంట చూశాక బాపుకు ఓపిక పోయింది.

"చెయ్యి ఊగుతున్నది," అన్నాడు.

"చూపించు మరి."

"వద్దు తియ్. ఖరీదుది."

"బాపూ, చూపియ్యి."

కూర్చున్నాడు. కుడిచేతి చూపుడువేలు బ్లేడు వీపు మీద ఆనించి, కదిలించేది మణికట్టు కాదు, భుజం. మడమ నుంచి మొన దాకా ఒకే లాగు. అయిదారు లాగుల తర్వాత శబ్దం వినమన్నాడు. కోణం తప్పితే గరగర, కుదిరితే సన్నటి ఒకే స్వరం. ఆయన చెప్పేదాకా నేను ఆ తేడా వినలేదు. చివర నా కాఫీ మగ్గు బోర్లించి, అడుగున గరుకుగా ఉండే పింగాణీ అంచు మీద మెల్లగా రెండు వైపులా లాగాడు. "స్టోర్ల సానరాయి లేనప్పుడు ఛాయ్ కప్పే మాకు," అన్నాడు. న్యూస్‌పేపర్ ముక్క గాల్లో పట్టుకుని కోస్తే దారం తెగినట్టు దిగింది.

నొక్కు పూర్తిగా పోలేదు. ఇంకా నూరితే పోతుంది, కానీ అంత ఉక్కు అనవసరంగా అరిగిపోతుందన్నాడు. వదిలేశాం. సారీ చెప్పానా అంటే, చెప్పలేదు. మా ఇంట్లో ఆ మాటకు అలవాటు లేదు. సాయంత్రం మామిడిపండ్లు కోయమని ఆ చాకే ఇచ్చాను. తీసుకున్నాడు. కోశాక కడిగి, తుడిచి, లాకు ఎట్లా తీయాలో ఒకసారి అడిగి, తనే మడిచాడు.

అక్టోబర్‌లో వాళ్లు వెళ్లిపోయారు. వెళ్లేముందు ఆ చాకు తీసుకెళ్లమన్నాను, వద్దన్నాడు. "నా చాకు నాకున్నది." రిటైర్ అయినప్పుడు డిపార్ట్‌మెంట్ సామానంతా స్టోర్‌లో అప్పగించాడు. ఒక్క చాకు మాత్రం ఆయన సొంత డబ్బులతో కొన్నది, కర్ర పిడిది. అది ఊళ్లో బీరువా మీది పెట్టెలో ఉందట. మొన్న వీడియో కాల్‌లో ఎవరైనా ఇటు వస్తుంటే ఇచ్చి పంపమని అడిగాను.

"పంపుడేంది? వచ్చి తీస్కపో," అన్నాడు.

వీసా స్టాంపింగ్ స్లాటు కోసం రోజూ పొద్దున సైటు తెరిచి చూస్తున్నాను. దొరికితే సంక్రాంతికి, లేకపోతే ఉగాదికి. తిరుగు ప్రయాణంలో దాన్ని చెకిన్ బ్యాగులోనే పెట్టాలని ఫోన్‌లో ఇప్పుడే రిమైండర్ పెట్టుకున్నాను.